తెర చాటు మాట

1843 వేసవి సెలవుల్లో బ్రస్సెల్సు నగరంలోని ఒక బాలికల పాఠశాల దాదాపు ఖాళీ అయిపోయింది. అక్కడ ఫ్రెంచి నేర్చుకుంటూ ఇంగ్లీషు చెబుతున్న 27 ఏళ్ల ఆంగ్ల యువతి ఒంటరిగా మిగిలింది. పగలంతా వీధులు తిరగడం, రాత్రి ఖాళీ మంచాల వరుసల మధ్య నిద్రపట్టక పొర్లడం ఆమెకు దినచర్య అయింది. ఒకనాటి సాయంకాలం సెయింట్ గుడుల దేవాలయపు గంట విని లోపలికి వెళ్లింది. ప్రార్థన ముగిసింది. ఆమె లేచి రాలేదు. ఒక మూల చెక్కతో కట్టిన చిన్న గూడు, దానికొక జాలీ, జాలీకి అవతల ఒక గురువు. ఇవతల మోకరించి కూర్చుంది. లోపలి చిన్న తలుపు తెరుచుకున్నది. ఏమని మొదలుపెట్టాలో తెలియదు. తాను పరదేశిననీ, ప్రొటెస్టెంటుగా పెరిగాననీ చెప్పింది. అయితే నీకు ఈ భాగ్యం లేదన్నాడాయన. ఆమె పట్టు విడువలేదు. చివరకు ఆయన సరేనన్నాడు. ఆమె తన మనసులో ఉన్నదంతా నిజంగానే చెప్పుకున్నది.

ఆ యువతి షార్లెట్ బ్రాంటీ. సెప్టెంబరు 2న చెల్లెలు ఎమిలీకి వ్రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పి, నాన్నగారికి మాత్రం చెప్పవద్దని కోరింది. తండ్రి ఆంగ్లికన్ సంఘపు పురోహితుడు మరి! ఆమె గురువుకు ఏమి చెప్పిందో ఆ ఉత్తరంలో లేదు, ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఆ వ్యాకులతకు కారణం ఇదీ అదీ అని జీవితచరిత్రకారులు ఊహలు చేశారు గాని, వాటిని మనం ఇక్కడ తడమనక్కరలేదు. నాకు ఆసక్తికరంగా తోచినది ఉత్తరంలోని మరొక ముక్క. పాపసంకీర్తనం ముగిశాక ఆ గురువు తన ఇంటి చిరునామా చెప్పి, రోజూ ఉదయం అక్కడికి రమ్మన్నాడట. వస్తానని ఆమె మాట ఇచ్చింది. వెళ్లలేదు. పదేళ్ల తరువాత 1853లో వెలువడిన 'విలెట్' నవలలో ఈ ఘట్టాన్నే కథానాయిక లూసీ స్నోకు అంటగట్టింది. లూసీ కూడా ఆ ఇంటికి వెళ్లదు.

జాలీకి ఇవతల కూర్చుని తన మతమే కాని మతపు గురువుకు హృదయం విప్పగలిగిన మనిషి, అదే గురువు ఎదుట కుర్చీలో కూర్చోవడానికి సిద్ధపడలేదు. మతం మార్పిస్తాడన్న జంకు ఉండవచ్చు. అదొక్కటే కారణమని నేను అనుకోను.

కాథలిక్కులకు ఇటువంటి ఎంపిక ఈనాడు శాసనసమ్మతంగానే ఉన్నది. పాపసంకీర్తనానికి వెళ్లినవారు తెర చాటున మోకరించి చెప్పుకోవచ్చు, లేదా గురువుకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ముఖాముఖి చెప్పుకోవచ్చు. పైకి చూస్తే ఇది కుర్చీకీ మోకాలిపీటకూ మధ్య ఎంపికలాగే ఉంటుంది. కాని ఈ వ్యవహారం వెనుక చాలా శతాబ్దాల చరిత్ర ఉన్నది, ఆ చరిత్ర మనం ఊహించుకునేదానికి కొంత భిన్నంగా ఉన్నది.

జాలీ క్రైస్తవమంత పాతదని చాలామంది అనుకుంటారు. కాదు. తొలి శతాబ్దాలలో ఘోర పాపాలకు ప్రాయశ్చిత్తం సంఘమంతా చూస్తుండగా జరిగేది, అదీ జీవితంలో ఒక్కసారి. గురువుకు ఏకాంతంగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతిని ఆరవ, ఏడవ శతాబ్దాలలో ఐర్లండు సన్యాసులు వ్యాప్తిలోకి తెచ్చారు. 1215లో నాల్గవ లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి తీరాలని విధించింది. అప్పుడు కూడా గూడు లేదు, జాలీ లేదు. గుడిలో అందరికీ కనబడే చోట గురువు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చెప్పుకునేవారు పక్కన మోకరించేవారు.

గూడు పుట్టినది మిలాను నగరంలో. అక్కడి అగ్రపీఠాధిపతి చార్లెస్ బొరోమియో 1565లో తన మండల సభలో దీనిని ప్రస్తావించి, 1577లో దేవాలయాల నిర్మాణం గురించి వెలువరించిన గ్రంథంలో కొలతలతో సహా వివరించాడు. గురువుకూ పశ్చాత్తాపికీ నడుమ పలక, పలకలో చిన్న కిటికీ, కిటికీకి సన్నని రంధ్రాలున్న లోహపు రేకు, గురువు వైపున పలుచని గుడ్డ. వడ్రంగికి అప్పగించే పనిచిట్టాలాగా ఉంటుంది ఆ వర్ణన. ఎందుకింత జాగ్రత్త? చెప్పుకునే మనిషి పేరు దాచడానికి అనుకుంటే పొరపాటే. ఆ గూడు ఉండవలసినది గుడిలో నలుగురూ తిరిగే చోట. ఎవరు వచ్చి మోకరించారో, ఎంతసేపు ఉన్నారో వరుసలో నిలుచున్న ఊరంతా చూస్తూనే ఉంటుంది. అసలు భయం వేరు. పాపసంకీర్తనాన్ని అడ్డుపెట్టుకుని స్త్రీలను లోబరచుకున్న గురువుల మీద ఆ శతాబ్దంలో ఫిర్యాదులు వచ్చాయి. 1561లోనే నాలుగవ పయస్ పోపు స్పెయిన్‌లో ఇటువంటివారిని విచారించే అధికారాన్ని ఇంక్విజిషన్‌కు అప్పగించాడు. ఆ పలక చేతులకు అడ్డు, చూపులకు అడ్డు, లోకనిందకూ అడ్డు.

అందుకే కాబోలు, శాసనంలో జాలీ చాలాకాలం స్త్రీల విషయంగానే సాగింది. 1614 నాటి రోమన్ ఆచారవిధి గూటినీ జాలీనీ సంఘమంతటికీ నియమంగా చేసింది. 1917 నాటి ధర్మశాసనం 909, 910 సూత్రాలు చూడండి. స్త్రీలు చెప్పుకునే గూడు బహిరంగంగా కనబడే చోట ఉండాలి, కదలని జాలీ ఉండాలి. జబ్బుపడితే, నిజమైన అవసరం పడితే తప్ప స్త్రీల పాపసంకీర్తనం గూటి వెలుపల వినరాదు. మరి పురుషులది? వారి ఇళ్లలో కూడా వినవచ్చు! అంటే ముఖాముఖి అనేది నిన్నమొన్నటి నవీనుల కల్పన అన్న మాట నిజం కాదు. పురుషులకు అది ఏనాడూ పూర్తిగా నిషిద్ధం కాదు. స్త్రీలకు మాత్రం తెర విధి.

రెండవ వాటికన్ మహాసభ 1963లో ఈ ఆచారవిధిని సవరించాలని నిర్ణయించింది. సవరించిన విధి 1973 డిసెంబరులో వెలువడింది. పాపాల జాబితా గబగబా వల్లించి బయటపడే అలవాటు తగ్గాలనీ, గురువు ఆప్యాయంగా పలకరించాలనీ, వీలైతే వేదవాక్యం ఒకటి చదువుకోవాలనీ, ఇద్దరి మధ్య నిజమైన సంభాషణ జరగాలనీ దాని ఆశయం. విమోచన వాక్యం పలికేటప్పుడు గురువు రెండు చేతులూ, కనీసం కుడి చేయి, పశ్చాత్తాపి తల మీదుగా చాచాలన్నది. జాలీ అవతల చాచిన చేయి ఎవరికి కనబడుతుంది? ఈ ఒక్క చేష్ట కోసమైనా ముఖాముఖి మేలని వాదించినవారి మాట తోసివేయదగినది కాదు. చాలా దేశాలలో గూళ్లు మూలబడి, రెండు కుర్చీలున్న గదులు వెలిశాయి.

పదేళ్లు గడిచి 1983లో కొత్త ధర్మశాసనం వచ్చింది. దాని 964వ సూత్రంలో ఒక చిన్న మాట ఉన్నది. దానిని చదివినప్పుడల్లా అనువాదకుడిగా నాకు ముచ్చటేస్తుంది. కదలని జాలీ గల గూళ్లు ఎప్పుడూ బహిరంగ స్థలంలో ఉండేటట్లు చూడాలి, కోరుకునే విశ్వాసులు వాటిని స్వేచ్ఛగా ఉపయోగించుకునేందుకు. స్త్రీ అన్న మాట పోయింది. 'కోరుకునే' అన్న మాట వచ్చింది. నిన్నటిదాకా స్త్రీ మీద విధించిన తెర ఒక్క క్రియాపదంతో అందరి హక్కు అయింది. అదే పలక, అదే రేకు!

తరువాత ఒక చిక్కుప్రశ్న వచ్చింది. పశ్చాత్తాపి ముఖాముఖి కోరితే, గురువు తెర కోరితే ఎవరి మాట చెల్లాలి? 1998లో రోము నుండి అధికారికంగా జవాబు వచ్చింది. తగిన కారణం ఉంటే, అత్యవసర సందర్భాలు మినహాయించి, అవతలివారు మరోలా కోరినా గురువు జాలీ చాటునే వింటానని అనవచ్చు. అంటే జాలీని కోరే అధికారం ఇద్దరిదీ. దీనిని చూసి నొచ్చుకున్నవారున్నారు గాని నాకు ఇది సబబుగానే తోస్తుంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడు రోగిని సోఫా మీద పడుకోబెట్టి తాను తలాపున, కనబడకుండా కూర్చునేవాడు. రోజుకు ఎనిమిది గంటలు జనం తన ముఖంలోకి చూస్తూ ఉంటే భరించలేనని 1913లో దాపరికం లేకుండా వ్రాశాడు. వినేవాడికీ ఒక ముఖం ఉంటుంది. అది అలసిపోతుంది, ఒక్కోసారి ముడిపడుతుంది కూడా.

మన భాష సంగతికి వస్తాను. ఇంగ్లీషువారి 'కన్ఫెషన్'కు తెలుగు కాథలిక్కులు వాడే మాట పాపసంకీర్తనం. తమిళ కాథలిక్కులదీ ఇదే మాట. మలయాళీలు కుంబసారం అంటారు. అది పోర్చుగీసు నుండి వచ్చిందని చెబుతారు. సంకీర్తనం అనగానే మన చెవికి అన్నమయ్య వినబడతాడు. వీధివెంట తాళాలు, తంబురా, గొంతెత్తి పాడే జనం. పాపాలను సంకీర్తనం చేయడమేమిటని మొదట నాకు నవ్వు వచ్చేది. కాని సంస్కృతంలో కీర్తనమంటే పేర్కొనడం, చెప్పడం అన్న అర్థం కూడా ఉన్నది. లాటిన్‌లో 'కన్ఫెస్సియో' కూడా ఇటువంటిదే. దేవుణ్ణి స్తుతించడమూ అదే మాట, తప్పు ఒప్పుకోవడమూ అదే మాట. సుమారు 400వ సంవత్సరంలో సెయింట్ అగస్టీన్ తన గ్రంథానికి ఆ పేరు పెట్టినప్పుడు రెండర్థాలనూ ఉద్దేశించాడు. మన భాషలో ఈ మాటను కూర్చిన పూర్వుడు ఎవరోగాని ఆ జంట అర్థాన్ని చెడగొట్టకుండా దించాడు. ఇంత బిగ్గరైన మాటతో పిలిచే పని ప్రపంచంలోకెల్లా నెమ్మదిగా, చెవిలో గుసగుసగా జరగడం మాత్రం విడ్డూరమే.

నా వృత్తివారి కోసం కూడా శాసనంలో ఒక సూత్రం ఉన్నది. 990వ సూత్రం ప్రకారం, దుర్వినియోగానికీ అపవాదుకూ తావులేని పక్షంలో, ఎవరైనా దుబాసీ ద్వారా పాపసంకీర్తనం చేసుకోవచ్చు. ఆ దుబాసీ కూడా రహస్యం కాపాడాలని 983వ సూత్రం కట్టడి చేస్తుంది. గల్ఫు దేశంలో ఇంటిపనికి వెళ్లిన ఒక తెలుగు ఇల్లాలిని ఊహించుకోండి. గురువుకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. దుబాసీగా వచ్చేది పక్క ఇంట్లో పనిచేసే మరో తెలుగామె. జాలీ అవతలి గురువుకు పేరు తెలియదు గాని పక్కనున్న దుబాసీకి కులగోత్రాలతో సహా తెలుసు. ఇక్కడ జాలీ ఎవరి నడుమ ఉండాలి? శాసనం దుబాసీని అనుమతిస్తుందే గాని నిర్బంధించదు. వచ్చీరాని మాటలతో, సైగలతో తంటాలు పడేవారు ఎందుకు అలా పడతారో నాకు అర్థమవుతుంది. బ్రాంటీ కూడా ఆనాడు చెప్పుకున్నది పరాయి భాష అయిన ఫ్రెంచిలోనే.

"మా ఊళ్లో విచారణ గురువుగారికి అందరి గొంతులూ తెలుసు. దగ్గినా ఎవరో చెప్పేస్తారు. ఇక జాలీ దేనికి?" అని ఒక కాథలిక్కు మిత్రుడు నాతో అన్నాడు. చాలా న్యాయమైన ప్రశ్న. పల్లె విచారణలో గురువు ఒట్టి గురువు మాత్రమే కాదు. బడికి కరస్పాండెంటు ఆయనే, హాస్టలులో సీటు ఇప్పించేదీ ఆయనే, ఉద్యోగానికి యోగ్యతాపత్రం వ్రాసేదీ ఆయనే. ఆ బడిలో పనిచేసే ఉపాధ్యాయుడు తాను బడి డబ్బు వాడుకున్నానని ఎవరితో చెప్పుకోవాలి? ఈ చిక్కు శాసనకర్తలకు తెలియనిది కాదు. అధికారంలో ఉన్నవాడు పాపసంకీర్తనం ద్వారా తెలిసిన సంగతిని పరిపాలనలో ఏ విధంగానూ వాడరాదని 984వ సూత్రం నిషేధిస్తుంది. సెమినరీ అధిపతి తనతో ఒకే ఇంట ఉండే విద్యార్థుల పాపసంకీర్తనం, వారంతట వారు ప్రత్యేకంగా కోరితే తప్ప, వినరాదని 985వ సూత్రం చెబుతుంది. రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే సంఘబహిష్కృతుడు. ఇవన్నీ కాగితం మీది రక్షణలు. అందుకే తీర్థానికి వెళ్లినప్పుడు, తమ్మును ఎన్నడూ చూడని గురువు దగ్గర మోకరించేవారు ఉంటారు. అక్కడ దూరమే జాలీ పని చేస్తుంది.

అయినా మిత్రుడి ప్రశ్నకు నా జవాబు వేరు. గొంతు తెలిసినా జాలీ వ్యర్థం కాదు. అది గురువు కంటికి కట్టిన గంత కాదు, చెప్పుకునేవాడి కంటికి ఇచ్చిన విశ్రాంతి. మనం ఎదుటివారి ముఖం చూస్తూ మాట్లాడేటప్పుడు సగం మాటలు ఆ ముఖమే నడిపిస్తుంది. కనుబొమ్మ కాస్త కదిలితే వాక్యం మారిపోతుంది. చిరునవ్వు కనబడితే తప్పు కాస్త చిన్నదవుతుంది. నుదురు ముడిపడితే దానికి సమర్థన తోడవుతుంది. ఎదుట ముఖం లేనప్పుడు మన వాక్యం మన చేతిలోనే ఉంటుంది.

ఇది ఒక పక్షపు మాట. ముఖం కావలసినవారూ ఉన్నారు, వారి అవసరం తక్కువదేమీ కాదు. చెవులు మందగించిన వృద్ధుడు పెదవుల కదలిక చూడాలి. మోకాళ్లు వంగని ముసలమ్మకు కుర్చీ కావాలి. భర్త పోయి, పిల్లలు దూరమై, వారం రోజులుగా మనిషితో మాట్లాడని వ్యక్తికి చీకటి గూటిలోని గుసగుస కన్న ఎదుట కూర్చుని వినే మనిషి అవసరం. తన పాపం విన్నాక కూడా ఈ మనిషి తనను అసహ్యించుకోలేదని కళ్లారా చూస్తే తప్ప క్షమాపణ నమ్మలేనివారూ ఉంటారు. 2014 మార్చి 28న సెయింట్ పీటర్స్ బసిలికాలో దివంగత పోపు ఫ్రాన్సిస్ ఇతరుల పాపసంకీర్తనం వినడానికి వెళ్తూ, దారి మళ్లి, తిన్నగా ఒక సాధారణ గురువు ఎదుటకు పోయి అందరూ చూస్తుండగా మోకరించారు. ముఖం దాచుకోలేదు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. ఐరిష్ కథకుడు ఫ్రాంక్ ఓకానర్ వ్రాసిన 'ఫస్ట్ కన్ఫెషన్' కథలో ఏడేళ్ల కుర్రాడు గూటిలో ఎక్కడ మోకరించాలో తెలియక మోచేతులు ఆనించే బల్ల మీదికే ఎక్కి, అక్కడి నుంచి దబ్బున కింద పడతాడు. నవ్వు తెప్పించే ఆ కథ పిల్లల విషయంలో చీకటి గూడు ఎంత భయపెట్టేదో కూడా చెబుతుంది.

ముఖాముఖి అన్నప్పుడు మనదేశంలో 2018 నాటి సంగతి గుర్తుకు రాక మానదు. కేరళలో మలంకర ఆర్థోడాక్స్ సంఘానికి చెందిన కొందరు గురువులు ఒక వివాహిత పాపసంకీర్తనంలో చెప్పిన విషయంతోనే ఆమెను బెదిరించి లోబరచుకున్నారని ఆరోపణ వచ్చింది. ఆ సంఘం కాథలిక్ సంఘం కాదు. తూర్పు సంఘాలలో ఈ చెక్కగూడు మొదటి నుంచీ ఆచారం కాదు. ఆ ఏడాది జూలైలో జాతీయ మహిళా కమిషన్ పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని సిఫారసు చేసింది. కాథలిక్ పీఠాధిపతులు సహా సంఘాలన్నీ అభ్యంతరం చెప్పాయి. రద్దు కోరుతూ వచ్చిన పిటిషన్‌ను కేరళ హైకోర్టు కొట్టివేసింది. రద్దు చేయమనడం తొందరపాటు. లక్షలాది మంది తమ ఇష్టంతో చేసుకునే పనిని కొందరి ద్రోహం పేరిట ఆపలేము. కాని ఏమీ జరగనట్లు ఉండడమూ తగదు. బొరోమియో 450 ఏళ్ల కిందట వడ్రంగికి చెప్పిన కొలతలు దేనికోసమో ఈ సంఘటన మనకు గుర్తుచేసింది. నిజమే, రహస్యం అమ్ముకోదలచిన గురువు ముందు జాలీ శక్తి పరిమితం. అయినా పేరూ ముఖమూ తెలియని మనిషిని బెదిరించడం ఎవరికీ సాధ్యం కాదు గదా!

తెర కోరేవారు కొందరు ఇంకాస్త ముందుకు వెళ్లి, ఫోనులో చెప్పుకుంటే తప్పేమిటని అడుగుతారు. సంఘం దానికి ఒప్పుకోదు. ఉత్తరం ద్వారానో దూత ద్వారానో దూరాన ఉన్న గురువుకు పాపాలు తెలిపి విమోచనం పొందవచ్చునన్న వాదాన్ని 1602లోనే ఎనిమిదవ క్లెమెంట్ పోపు ఖండించాడు. ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని 2002లో వాటికన్ స్పష్టం చేసింది. కాబట్టి జాలీ దూరం కాదు. ఇద్దరూ మూరెడు ఎడంలో ఉండి తీరాలి, ఒకరి ఊపిరి మరొకరికి వినబడాలి. ముఖం ఒక్కటే అక్కరలేదు.

ఇంతకూ ఎంపిక అన్న మాట నిజం కావాలంటే రెండూ ఉండాలి. కుర్చీ ఒక్కటే ఉన్న గదిలో ముఖాముఖి కోరుకోవడమన్న ప్రశ్నే లేదు. తెర దాటి వచ్చి కూర్చున్నవాడే నిజంగా తన ఇష్టంతో కూర్చున్నట్టు. ఆ మధ్య ఒక పట్టణంలో కొత్తగా బాగుచేసిన దేవాలయం చూడబోయాను. పాతకాలపు టేకు గూడు చక్కగా పాలిష్ చేసి ఉన్నది. జాలీ కూడా చెక్కుచెదరలేదు. లోపలికి తొంగి చూస్తే క్రిస్మస్ పాకలో పెట్టే గొర్రెల బొమ్మలు, ముగ్గురు జ్ఞానులు, ఒక ఒంటె. మరి పాపసంకీర్తనం ఎక్కడ వింటారని అడిగితే పక్క గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు చూపించారు. తెర కావాలనేవారు ఉంటేనో అన్నాను. "అడిగితే ఖాళీ చేయించి ఇస్తామండీ, ఎవరూ అడగరు" అన్నాడు అక్కడ పనిచేసే మనిషి. మంచివాడే, ఉన్నమాటే చెప్పాడు. ముఖం చూపలేక తెర కోరే మనిషి ముందుగా లోపలికి వెళ్లి, ముఖం చూపించి, "ఫాదర్, నాకు తెర కావాలి, ఆ ఒంటెను తీయించండి" అని అడగాలన్నమాట.